తిరుపతిలోని ‘పతి’

సందేహం: గురువుగారికి నమస్కారం. సెలవుల్లో రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద కూర్చుని పిల్లలతో ఒక మాటల ఆట ఆడుతున్నాం. ఒకరు చీటీ తీసి, ఒక మాటకు అర్థమూ ఉత్పత్తీ చదువుతారు. మిగతావాళ్ళు ఆ పదాన్ని ఊహించాలి. చీటీలన్నీ మా పెద్దమ్మాయి రాసింది. మొన్న ఒక చీటీలో “అర్థం: లక్ష్మీదేవి భర్త, ఆయన పేరు పెట్టుకున్న ఊరు. ఉత్పత్తి: తిరు అంటే శ్రీ, పతి అంటే భర్త” అని ఉంది. మా చిన్నబ్బాయి టక్కున “తిరుపతి” అన్నాడు. మా అత్తగారు ఒప్పుకోలేదు. ఆవిడ పుట్టిల్లు తమిళనాట ఆరణి. “పది అంటే ఊరు, మధ్యలో మొగుడు యాడ నించి వచ్చినాడు?” అన్నారు. ఇద్దరిలో ఎవరిది ఒప్పు? మార్కు ఎవరికి వెయ్యాలి? ఈ ఆటకు తెలుగులో ఒక మంచి పేరు కూడా చెప్పండి.
— ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, ముందుగా మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. నేను ఎన్నో ఏళ్ళుగా చెబుతూ వస్తున్న మాటను ఆవిడ మీ మిద్దె మీద కూర్చుని ఒక్క వాక్యంలో చెప్పేశారు.

అసలు విషయంలోకి వెళ్ళేముందు మీ అమ్మాయిని ఒక్క మాట అననివ్వండి. ‘ఉత్పత్తి’ అంటే పుట్టించడం, తయారుచెయ్యడం. పాల ఉత్పత్తి, బెల్లం ఉత్పత్తి అంటాం. మాట పుట్టుకను చెప్పేది ‘వ్యుత్పత్తి’. ఆ ‘వి’ లేకపోతే మాట మారిపోతుంది. ఈమధ్య పాఠ్యపుస్తకాలు చదివే పిల్లలే కాదు, వాటిని చెప్పేవాళ్ళు కూడా రెంటినీ కలిపేస్తున్నారు. కష్టమనిపిస్తే ‘పుట్టుక’ అని రాసుకోమనండి. అంతకంటే తేటమాట లేదు.

ఇక ‘పతి’. సంస్కృతంలో పతి అంటే ప్రభువు, కాపాడేవాడు, భర్త. సేనాపతి, పశుపతి, బృహస్పతి మనకు తెలిసినవే, వాటి గురించి విస్తరించను. తమిళంలో ‘పతి’ అని ఇంకొక మాట ఉంది. పలకడంలో అది ‘పది’ అవుతుంది. మీ అత్తగారు ‘పది’ అన్నది అందుకే. దానికి చోటు, నివాసం, ఊరు అని అర్థం. రెండు భాషల్లో రెండు మాటలు ఒకే శబ్దంతో ఉన్నాయి. తిరుపతి అనేటప్పుడు మనం ఏ పతిని పలుకుతున్నాం అన్నదే ప్రశ్న.

నేను ఊరి వైపే మొగ్గుతాను. ఎందుకో చెబుతాను.

వైష్ణవులకు పవిత్రమైన దివ్యదేశాలు 108. తమిళంలో పాడిన విష్ణుభక్తులు ఆళ్వార్లు కీర్తించిన క్షేత్రాలవి. తమిళంలో వీటిని ‘నూఱ్ఱెట్టు తిరుప్పతి’ అంటారు, అంటే నూట ఎనిమిది తిరుపతులు. వాటిలో 106 భూమి మీద ఉన్నాయి. మిగిలిన రెండూ పాలకడలి, పరమపదం. ‘పతి’ అంటే భర్త అయితే లక్ష్మీదేవికి 108 మంది భర్తలని చెప్పాల్సి వస్తుంది, ఆ మాట ఏ వైష్ణవుడూ అనడు. దేవుడు ఒక్కడే, ఆయన వెలసిన చోట్లు 108. తిరు అంటే శుభమైన, పవిత్రమైన. పతి అంటే చోటు. తిరునెల్వేలి దగ్గర తామ్రపర్ణి ఒడ్డున ‘నవ తిరుప్పతి’ అని తొమ్మిది గుళ్ళున్నాయి. అక్కడా అంతే, తొమ్మిది పుణ్యస్థలాలు.

ఇందులో నన్ను చిన్నప్పటి నుంచీ పట్టి లాగుతున్న సంగతి ఒకటుంది. ఆ 108 పేర్ల జాబితాలో మన కొండ పేరు ‘తిరుపతి’ కాదు, ‘తిరువేంగడం’. తిరుపతి అన్నది ఆ జాబితా మొత్తానికీ పెట్టిన పేరు. అందరికీ చెందిన ఆ మాట రానురాను ఒక్క మన క్షేత్రానికే నిలిచిపోయింది. భాషలో ఇలా జరుగుతూనే ఉంటుంది. తిరుపతిలో ఎవరైనా “రేపు కొండకు పోతున్నా” అంటే ఏ కొండ అని అడిగేవాడు లేడు. చుట్టూ శేషాచలం కొండలు ఎన్ని ఉన్నా ‘కొండ’ అంటే తిరుమలే. మాటకు ఉన్న పెద్ద వాడుకను అంతటినీ ఒక్క చోటే లాగేసుకుంది. ‘తిరుపతి’ విషయంలో జరిగింది కూడా ఇదే అని నా నమ్మకం.

ఇంకో సాక్ష్యం పుస్తకాల్లో దొరికింది కాదు, నా చెవులతో విన్నది. మేము గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో ఉండేవాళ్ళం. పెరటాసి నెల వచ్చిందంటే తమిళ యాత్రికులు పసుపుబట్టలతో, నెత్తిన మూటలతో వీధులన్నీ నిండిపోయేవారు. ఒకనాడు ఒక ముసలామె, చేతిలో కొబ్బరికాయ, మరో చేతిలో మనవడి చెయ్యి, మా అరుగు ముందు ఆగి “తంబీ, మేల్ తిరుప్పదిక్కు ఎందప్ పక్కం?” అని అడిగింది. పై తిరుపతికి ఎటువైపు వెళ్ళాలి అని. నేను అలిపిరి వైపు చెయ్యి చూపించాను. ‘మేల్ తిరుప్పతి’ అంటే కొండ మీదిది, ‘కీళ్ తిరుప్పతి’ అంటే కింది ఊరు. మనమూ ఎగువ తిరుపతి, దిగువ తిరుపతి అంటూ వచ్చాం. చోటుకు ఎగువ, దిగువ ఉంటాయి. భర్తకు ఉండవు. ఆ ముసలామె అడిగిన మాటే నాకు మొదటి వ్యుత్పత్తి పాఠం. ద్వారకా తిరుమలను ‘చిన్న తిరుపతి’ అనడం చూడండి. అక్కడ ‘చిన్న’ అన్నది ఆ క్షేత్రానికే గానీ స్వామికి కాదు.

ఈ ‘పతి’ ఎక్కణ్ణుంచి వచ్చింది? తమిళంలో ‘పతి’ అనే క్రియ ఉంది. దిగబడు, అచ్చుపడు, నాటుకొను అని అర్థాలు. మీరు వేలూరు వెళ్ళినప్పుడు రిజిస్ట్రారు ఆఫీసు బోర్డు మీద ‘పదివు’ అన్న మాట చూసే ఉంటారు. దస్తావేజులో నమోదు కావడం అది. ‘పదిప్పు’ అంటే పుస్తకం అచ్చు, ముద్రణ. ఊరు అన్న ‘పతి’ని ఈ క్రియతో కలిపి, మనుషులు నాటుకుని కుదురుకున్న చోటు అని చెప్పవచ్చు. నాకు ఈ వివరణ ఇష్టం, కానీ ఇష్టమైనంత మాత్రాన రుజువైనట్టు కాదు. మన తెలుగులో ‘నెలవు’ అనే మాట ఇదే దారిలో నడిచింది. నిలిచి ఉండే చోటే నెలవు. ‘నెలకొన్న’ అన్న మాటలో అది ఇప్పటికీ సజీవంగా ఉంది. “కొండపై నెలకొన్న” అన్నప్పుడల్లా ఆ ‘పతి’ నాకు తెలుగు బట్ట కట్టుకున్నట్టు వినిపిస్తుంది.

ఇక ఎదుటి వాదాలు. ‘తిరు’ తమిళం, ‘పతి’ సంస్కృతం అయితే అది వైరిసమాసం, అంటే పొసగని రెండు భాషల మాటల కలయిక అవుతుంది, కాబట్టి చెల్లదు అని కొందరంటారు. ఆ వాదం నాకు అనుకూలమైనదే అయినా నేను ఒప్పుకోను. ‘తిరుమంజనం’లో మంజనం సంస్కృత ‘మజ్జనం’ నుంచి వచ్చిందే. ‘తిరునామం’లో నామం సంస్కృతమే. గుళ్ళలో ఈ కలయిక మామూలు. తమిళంలో ‘ప్ప’ అని ద్విత్వం ఉంది కదా అన్నా, అదీ ఏ వైపూ తేల్చదు. ‘తిరుప్పావై’లో ఆ ద్విత్వాన్ని మనం అలాగే ఉంచుకున్నాం, ‘తిరుత్తణి’లోనూ ఉంచుకున్నాం. ‘తిరుపతి’లో మాత్రం రోజూ నోట్లో నాని అరిగిపోయింది. మనుషులకు తిరుపతి, తిరుపతయ్య అని పేర్లుంటాయి కదా, అంటే అది దేవుడి పేరే కదా అని ఇంకొకరు రాశారు. కాశయ్య, శ్రీశైలం కూడా మనుషుల పేర్లే. అంతమాత్రాన కాశీ ఊరు కాకుండా పోదు. తిరుపతి వేంకట కవుల జంటలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారి పేరు కూడా క్షేత్రం పేరే.

అయితే మీ అమ్మాయి చీటీని పూర్తిగా కొట్టిపారెయ్యను. ‘తిరు’ అన్నది ‘శ్రీ’ నుంచి వచ్చిందా, తమిళంలోనే పుట్టిందా అన్న విషయంలో పండితులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. తమిళులు సంస్కృత ‘పతి’ని కూడా వాడతారు. అందువల్ల భక్తులు ఆ పేరులో ‘శ్రీపతి’ని కూడా వినే ఉంటారు. పురాణం ‘వేంకట’ శబ్దానికి ‘వేం’ అంటే పాపాలు, ‘కట’ అంటే దహించడం అని చెప్పింది. పాపాలను కాల్చే కొండ. అది నిరుక్తి. భక్తుడికి ఆ అర్థం కావాలి, నేనూ ఆ శ్లోకం చదువుకుంటాను. కానీ పాత తమిళ వ్యాకరణం తొల్కాప్పియం పాయిరం, అంటే దాని పీఠిక, తమిళదేశానికి ఉత్తరాన వేంగడం, దక్షిణాన కుమరి ఎల్లలని చెప్పినప్పుడు దానికి కావలసింది కొండ పేరు మాత్రమే. నిరుక్తి మనసుకు చెప్పే సమాధానం, వ్యుత్పత్తి మాట నడిచి వచ్చిన దారి. రెండూ ఉండవచ్చు. ఒకదాని పేరు ఇంకొకదానికి పెట్టకూడదు.

నా కోపం అక్కడే. ఈమధ్య ఏ తెలుగు మాట దొరికినా రెండు సంస్కృతం ముక్కలుగా విరిచి, ఒక్కొక్కదానికి ఒక అర్థం అతికించి వాట్సాప్‌లో తిప్పుతున్నారు. అది చూసి పిల్లలు చీటీలు రాస్తున్నారు. తిరుమల గుడి చుట్టూ ఉన్న మాడవీధులను తీసుకోండి. తెలుగులో ‘మాడ’ అంటే అరవరహా నాణెం. ఎవరో ఒకరు బంగారు మాడలు రాసులుపోసిన వీధులని చీటీ రాస్తారు, వినడానికి బాగుంటుంది కూడా. కానీ అది తమిళ ‘మాడవీది’, మాడం అంటే మేడ, అంతస్తుల ఇల్లు. శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు.

మన జిల్లాలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. తిరుత్తణి 1960 దాకా మన జిల్లాలోదే. రెండు భాషలూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర మాట్లాడుకున్న చోట ఊరి పేరు విప్పాలంటే రెండు భాషల తలుపులూ తట్టాలి. మీ చిత్తూరునే ‘చిఱు’ ఊరు, అంటే చిన్న ఊరు అని తమిళం వైపు నుంచి చెబుతారు. పుత్తూరు మాట నేను తేల్చలేదు. తమిళంలో ‘పుదు’ ఊరు, అంటే కొత్త ఊరు కావచ్చు. పుట్ట ఉన్న ఊరు కావచ్చు. ఆ చీటీ మీ ఆటలో వస్తే రెండు జవాబులూ ఒప్పుకోండి.

మరి మంచి చీటీ ఎలా ఉండాలి? ‘మీగడ’ తీసుకోండి. అర్థం: కాచిన పాల మీద కట్టేది. పుట్టుక: మీఁదు + కడ, ప్రాతాదిసంధి. పిల్లలు పాలగిన్నె చూసుకుని సంధి నేర్చుకుంటారు. పెద్దవాళ్ళకైతే ‘దంపతులు’ వెయ్యండి. అందులో ‘దం’ అంటే వేదభాషలో ఇల్లు, దంపతి అంటే ఇంటి యజమాని. ఆ మాటే ద్వివచనంలో ‘దంపతీ’ అయి, ఇంటికి యజమానులైన ఇద్దరినీ, అంటే భార్యాభర్తలను చెప్పింది. అమరకోశంలో “దంపతీ జంపతీ జాయాపతీ” అని వరసగా ఉంటుంది. చూశారా, సంస్కృతంలో ఇంటికి యజమాని పతి, తమిళంలో ఇల్లే పతి! ఈ రెండు చీటీలనూ ఒకే రాత్రి పక్కపక్కన తియ్యండి. మీ అత్తగారికి నచ్చుతుంది.

ఆట పేరు అడిగారు. ‘ఊహించండి’ అనడం తప్పు కాదు. కానీ అది ప్రశ్నపత్రంలో నుంచి వచ్చిన మాట. మన ఇళ్ళలో ‘చెప్పుకో చూద్దాం’ అంటాం. పొడుపుకథలో ఒకరు పొడుస్తారు, ఇంకొకరు విప్పుతారు. మీదీ అదే పని, కథ బదులు మాట. ‘పొడుపుమాట’ అనండి. ‘ఊహించండి’ కంటే నోటికి సుళువు.

చివరిగా మార్కు సంగతి. మీ చిన్నబ్బాయి చీటీలో ఉన్నదానికి సరైన మాటే చెప్పాడు, అతని మార్కు తియ్యకండి. మీ అత్తగారికి ఒక మార్కు కలపండి. చీటీలో ‘భర్త’ కొట్టేసి ‘చోటు’ అని రాయించండి. పక్కన “శ్రీపతి అని కూడా చెప్పుకుంటారు” అని చిన్న అక్షరాల్లో ఉంచండి. నా దృష్టిలో తూకం మీ అత్తగారి వైపే ఉంది. కానీ రేపు ఏదైనా పాత శాసనమో, ఆళ్వార్ల పాటలైన పాశురాల వ్యాఖ్యానమో ఇంకో సంగతి చెబితే, ఆ చీటీని మళ్ళీ దిద్దడానికి కాస్త ఖాళీ వదలమనండి.