సమాధానం: ఆయిల్ మార్చినా డిస్క్ బ్రేక్ లివర్ మెత్తగానే ఉంది

బ్రదర్, మీ బైక్‌కి కొత్త బ్రేక్ ఆయిల్ పోసి బ్లీడ్ చేశాక (అంటే లోపలి గాలిని ఆయిల్‌తో పాటు బయటికి తీశాక) కూడా ముందు చక్రం బ్రేక్ లివర్ హ్యాండిల్ గ్రిప్ దాకా వచ్చేస్తోందన్నారు. నాలుగైదు సార్లు గబగబా కొడితే గట్టిపడుతోందని కూడా రాశారు కాబట్టి లోపల గాలి మిగిలినట్టే అనుకోవచ్చు. టెన్షన్ పడకండి, కానీ అది సరయ్యేదాకా బండి మాత్రం రోడ్డెక్కించొద్దు.

ఎక్కువగా గాలి చిక్కేది కింద చక్రం దగ్గర డిస్క్‌ని పట్టే క్యాలిపర్‌లో కాదు, పైన మాస్టర్ సిలిండర్‌కి (లివర్ నొక్కితే ఆయిల్‌ని తోసే భాగం) హోస్ కలిసే బ్యాంజో బోల్ట్ దగ్గర. బుడగ పైకే పోతుంది, మీరేమో క్యాలిపర్ మీదున్న కింది నిపుల్ (గాలి తీసే చిన్న స్క్రూ) నుంచి లాగుతున్నారు. ట్యాంక్ మీద తడిగుడ్డ కప్పి, బోల్ట్ చుట్టూ పాతగుడ్డ చుట్టండి. లివర్ నొక్కి పట్టుకుని బోల్ట్ కొంచెం వదలండి. చిటపటమంటూ నురగ వస్తుంది. లివర్ వదలకముందే బిగించేయాలి, లేదంటే గాలి మళ్లీ లోపలికి పోతుంది. నురగ ఆగేదాకా ఇలాగే చేసి, తర్వాత కింద నిపుల్ దగ్గర మామూలుగా బ్లీడ్ చేయండి. మధ్యలో రిజర్వాయర్‌లో (లివర్ దగ్గరుండే బ్రేక్ ఆయిల్ డబ్బా) ఆయిల్ అడుగంటితే గాలి దూరి పని మళ్లీ మొదటికొస్తుంది.

రిజర్వాయర్ మూత మీద రాసిన రకం ఆయిలే వాడండి. డాట్ 4 రకం ఆయిల్ వాడే బండిలో డాట్ 5 అస్సలు పోయొద్దు, అది సిలికాన్ ఆయిల్. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

ఇంత చేసినా నొక్కి పట్టుకున్న లివర్ మెల్లగా దిగిపోతుంటే, ఎక్కడా కారడం లేకపోతే, మాస్టర్ సిలిండర్ సీల్ పోయినట్టే. సీల్ కిట్ మార్పించండి.