రోజంతా పేషెంట్లు, మధ్యలో పాఠాలు: ఈ ఉద్యోగంలో తృప్తి ఉంటుందా?

ప్రశ్న: ఫ్యామిలీ మెడిసిన్ పీజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను సర్. ఇక్కడే ఫ్యాకల్టీగా ఉండిపొమ్మంటున్నారు. నాకు నేర్పించడం ఇష్టమే. కానీ సీనియర్ ఒకాయన "ఓపీ ఎలాగూ తప్పదు, పైన జూనియర్లని కూడా మోయాలి, రెండేళ్లలో విసుగొచ్చేస్తుంది" అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆయన చెప్పింది అబద్ధమేం కాదమ్మా. కాకపోతే ఆ విసుగు నేర్పించడం వల్ల వచ్చిందా, నేర్పించడానికి టైమ్ ఇవ్వకపోవడం వల్ల వచ్చిందా అని ఒకసారి అడిగి చూడండి. ఉద్యోగం మారతామని నా దగ్గరకొచ్చే ట్రైనర్ డాక్టర్లలో జూనియర్లంటే పడదు అన్నవాళ్లు దాదాపు లేరు, ఎవర్ని కదిపినా ఒకటే గోల, ఓపీలో పేషెంట్ల లెక్క తగ్గించరు, పక్కన ముగ్గురు ట్రైనీలని కూర్చోబెడతారు, పేషెంట్ల కేసు నోట్స్ మాత్రం రాత్రి ఇంటికెళ్లి రాసుకోవాలి అని.

2009లో అమెరికాలోని మాయో క్లినిక్ అనే పెద్ద ఆసుపత్రి వాళ్ల స్టడీ ఒకటి వచ్చింది. వాళ్లు అడిగింది ఇంటర్నల్ మెడిసిన్ ఫ్యాకల్టీని, మీ బ్రాంచ్ కాదు, అయినా మీకు పనికొస్తుంది. తమకి బాగా ఇష్టమైన పనికి టైమ్‌లో కనీసం 20 శాతం, అంటే వారానికి ఒక రోజు, దొరికినవాళ్లలో బర్నౌట్, అంటే పనితో పూర్తిగా అలసి విసిగిపోవడం, 30 శాతం దగ్గరుంటే, అంత దొరకనివాళ్లలో 54 శాతం దాకా ఉంది. ఇంకో మాట, ఆ ఇష్టమైన పని నేర్పించడమే అన్నవాళ్లు పదో వంతు కూడా లేరు, ఎక్కువమంది పేషెంట్లని చూడటమే అన్నారు. కాబట్టి మీకు నిజంగా ఏది ఇష్టమో ముందు మీరే తేల్చుకోవాలి.

తృప్తి ఎక్కడుంటుందో ఒక ట్రైనర్ చెప్పిన ముచ్చట చెప్తా. ట్రైనీ బయటికొచ్చి "బీపీ తగ్గలేదు మేడమ్, డోస్ పెంచుదాం" అన్నాడట. ఈవిడ వద్దనలేదు, "ఎందుకు తగ్గలేదనుకుంటున్నావ్?" అని మాత్రం అడిగింది. అతను మళ్లీ లోపలికెళ్లి కాసేపు మాట్లాడితే తేలిందేంటంటే, పొద్దున మాత్ర వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయని ఆ పెద్దావిడ నెల నుంచి వేసుకోవట్లేదు! పేషెంట్లని చూస్తూనే ట్రైనీకి కొద్ది నిమిషాల్లో నేర్పించడానికి 1992లో వచ్చిన 'వన్ మినిట్ ప్రిసెప్టర్' పద్ధతి కూడా ఇలాగే మొదలవుతుంది, ముందు ట్రైనీ చేత నిర్ణయం చెప్పించడం, తర్వాత ఎందుకని అడగడం. ఫ్యామిలీ డాక్టర్‌కి మజా అంతా అదే మనిషిని ఏళ్ల తరబడి చూడటంలోనే కదా, ట్రైనర్‌కి ట్రైనీ కూడా అంతే, మొదట్లో చేతులు వణికినవాడు మూడేళ్లకి మీకే ఎదురు ప్రశ్న వేస్తాడు.

కష్టం కూడా చెప్పాలి. పని రాని ట్రైనీకి "నువ్వింకా రెడీ కాలేదు" అని మొహం మీద చెప్పాల్సిన రోజొకటి వస్తుంది, ఆ రాత్రి మీకూ నిద్ర పట్టదు. అతను చేసిన తప్పుకి సంతకం మీదే అయినప్పుడు ఇంకా కష్టం. జీతం గొడవ ఎక్కడైనా ఉండేదే, దాని గురించి ఇక్కడ రాయను.

సంతకం పెట్టే ముందు టీచింగ్‌కి వారంలో ఎన్ని గంటలు, ఆ గంటల్లో ఓపీ ఉంటుందా ఉండదా అనేది రాతపూర్వకంగా తీసుకోండి. "చూద్దాంలే, అడ్జస్ట్ చేసుకుందాం" అన్నారంటే ఉండదనే అర్థం. అలాగే ఒక సాయంత్రం ఓపీ అయిపోయాక అక్కడి ఫ్యాకల్టీ ఎవరిదగ్గరైనా కాసేపు కూర్చుని, ఇవాళ్టి నోట్స్ ఎప్పుడు రాస్తారు మేడమ్ అని ఊరికే అడగండి.