దవడ ఎముకలో రెండో కాలువ, నాలుక కింద బుడిపెలు

ప్రశ్న: కింది దవడలో చివరి పన్ను పీకించుకున్నాను. రెండుసార్లు మత్తు సూది వేశారు. పెదవి మొద్దుబారింది గానీ పంటి దగ్గర నొప్పి తెలుస్తూనే ఉంది. తర్వాత స్కాను తీసి, ఎముకలో నరం వెళ్లే కాలువ రెండుగా చీలి ఉందన్నారు. ఇది జబ్బా? అక్కడ ఇంప్లాంటు (ఎముకలో దింపే కృత్రిమ పంటి వేరు) పెట్టించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన తేడా. పిండానికి ఆరేడు వారాలప్పుడు దవడ చోట మెకెల్ మృదులాస్థి అనే కడ్డీ ఉంటుంది. అదే గట్టిపడి దవడ అవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. నరం ముందే అక్కడికి చేరుకుంటుంది. మృదులాస్థికి బయటివైపు, నరం చీలే చోట ఎముక మొదలై, ఏరు పారాక గట్టు వేసినట్టు నరం చుట్టూ కట్టుకుంటూ పోతుంది. మృదులాస్థి చాలామటుకు కరిగిపోతుంది. వెనక కొస మాత్రం చెవిలోని కూటకం, దాగలి ఎముకలవుతుంది.

ముందు పళ్లకు, పాల దవడపళ్లకు, శాశ్వత దవడపళ్లకు మొదట వేర్వేరు కాలువలుండి తర్వాత ఒకటిగా కలుస్తాయని పిండాల దవడలను పరిశీలించినవారు వివరించారు. ఆ కలయిక పూర్తికాకపోతే మీకున్నట్టు రెండో కాలువ మిగులుతుంది. పెదవికి వెళ్లే నరం ఎముక కట్టుకోకముందే చీలితే, గడ్డం పక్కన ఒక రంధ్రానికి బదులు రెండు ఏర్పడతాయి.

పెదవి మొద్దుబారిందంటే సూది సరైన చోటే పడింది. మిగిలిన నొప్పి రెండో కాలువలోని నరం నుంచో, దవడ లోపలి వైపు నుంచి వచ్చే మరో కొమ్మ నుంచో రావచ్చు. పంటి దగ్గర చీము ఉన్నా ఇంతే: అక్కడి ఆమ్లత వల్ల మందు నరంలోకి సరిగా దిగదు. ఈసారి ఏ పంటికి వైద్యం చేయించుకున్నా సూదికి ముందే స్కాను చూపించండి. నరం చీలకముందే తగిలేలా ఇంకా పైన, దవడ కీలు కిందున్న సన్నని భాగం దగ్గర మత్తు ఇచ్చే పద్ధతి ఉంది. నోరు బాగా తెరిచి ఉంచాలి, పనిచేయడానికి అయిదు నుంచి పది నిమిషాలు పడుతుంది. పన్ను చుట్టూ, నాలుక వైపు అదనంగా ఇవ్వడం మరో దారి.

ఇంప్లాంటు పెట్టించుకోవచ్చు. కాకపోతే ఓపీజీ (దవడలు మొత్తం ఒకే చిత్రంలో కనిపించే ఎక్స్‌రే) ఒక్కటే చూసి పెట్టనివ్వకండి. బల్లపరుపు చిత్రంలో రెండో కాలువ చాలాసార్లు కనిపించదు. ఎముకను మూడు కొలతల్లో చూపే సీబీసీటీ స్కానులో కొలవాలి. ఇంప్లాంటు కొసకూ పై కాలువకూ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఎముక ఉండాలి. చాలామంది కింది పెద్ద కాలువ నుంచే కొలుస్తారు, పొరపాటు అక్కడే. పెట్టిన మర్నాటికీ పెదవి తిమ్మిరి పోకపోతే అదే రోజు వెళ్లండి. ఇంప్లాంటు నరాన్ని నొక్కుతుంటే మొదటి ఒకటి రెండు రోజుల్లో తీస్తేనే కోలుకునే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: మా పాపకి ఏడాదిన్నర. గడ్డం మధ్య నొక్కు ఉంది. ఎముక అతుక్కోలేదంటారా?
– చీపురుపల్లి

జవాబు: దవడ రెండు సగాలుగా పుడుతుంది, మొదటి ఏడాదిలోనే మధ్యలో అతుక్కుంటుంది. నొక్కు కుటుంబాల్లో వచ్చే పోలిక. వైద్యం అక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మకి 56 ఏళ్లు. నాలుక కింద రెండు వైపులా గట్టి బుడిపెలున్నాయి, నొప్పి లేదు. చిన్నప్పట్నుంచీ అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట) తాగుతోంది. క్యాన్సరేమో అని భయంగా ఉంది. కట్టుడు పళ్లు కూడా పెట్టించాలి.
– పలాస

జవాబు: కోరపన్ను వెనకాల, దవడ లోపలి గోడ మీద, రెండు పక్కలా సమానంగా, రాయిలా గట్టిగా ఉంటే అవి దాదాపు ఎప్పుడూ టోరస్ బుడిపెలే. ఎముకే అదనంగా పెరిగినవి, క్యాన్సరుగా మారవు. వంశం, నిద్రలో పళ్లు కొరకడం రెండూ కారణాలు కావచ్చు. పైన చర్మం పలచన కాబట్టి జంతికలాంటివి గీరితే పుండవుతుంది. కట్టుడు పళ్ల అంచు కూడా సరిగ్గా వాటి మీదే కూర్చుంటుంది. అందుకని అచ్చు తీసుకోకముందే చూపించండి. పెద్దవైతే ముందు చెక్కించి, మానాకే పళ్లు కట్టాలి. ఒక వైపే పెరిగినా, త్వరగా ఎదిగినా, పెదవి తిమ్మిరెక్కినా డాక్టరుకు చూపించకుండా ఆగకూడదు.

మాకు ఆందోళన కలిగిస్తున్నది బుడిపెలు కాదు, అడ్డపొగ. నిప్పు లోపల పెట్టుకునే చుట్ట వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మన ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్ల అంగిలి క్యాన్సరుకు అదే ప్రధాన కారణం. అమ్మగారి చేత తల వెనక్కి వాల్పించి, టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లని మందపాటి మచ్చ, అందులో ఎర్రని చుక్కలు, ఎర్రబారిన చోటు, రెండు వారాలైనా మానని పుండు: వీటిలో ఏది కనిపించినా కట్టుడు పళ్ల మాట పక్కనపెట్టి ముందు ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించండి. ఏమీ కనిపించకపోయినా చుట్ట మాన్పించి, ఆర్నెల్లకోసారి అంగిలి చూపించండి.