ఆ స్వామి నార్సిసిస్టేనా? తొమ్మిదిలో ఏడు కలిసినా తేలదు

మీరు అడిగింది ఇదీ: చెల్లె హన్మకొండ అవతల ఒక ఆశ్రమంలో చేరింది, పన్నెండు తులాల బంగారం ఇచ్చేసింది, సద్దుల బతుకమ్మకు కూడా తల్లిగారింటికి రాలేదు. మీరు స్వామి వీడియోలు చూసి నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ (తానే గొప్ప అనుకుంటూ, ఎదుటివాళ్ల బాధ పట్టని స్వభావ రుగ్మత) లక్షణాలు తొమ్మిదిలో ఏడింటికి టిక్కు పెట్టారు. ఈ పేరు పోలీసు ఫిర్యాదులో రాయొచ్చా, చెల్లెకు చెప్పొచ్చా? రెండు చోట్లా వద్దు.

మానసిక జబ్బులు తేల్చడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం డీఎస్ఎం-5లో తొమ్మిదికి ఐదుంటే చాలన్నది నిజమే. ఆ లెక్కకు ముందే దాటాల్సిన గడప ఒకటుంది. ఆ తీరు వయసొచ్చిన తొలినాళ్ల నుంచీ ఉండాలి, ఇంట్లో, డబ్బు దగ్గర, స్నేహాల్లో అంతటా కనపడాలి, మనిషి పెరిగిన సంస్కృతికి బాగా తేడాగా ఉండాలి. గద్దె మీద కూర్చున్నవాడు "నేనే శివుణ్ణి" అంటే అది ఆ గద్దె భాష కూడా కావచ్చు. మేడారంలో శివసత్తికి పూనకం వస్తే జబ్బని ఎవరూ అనరు కదా. ఇక పొగడ్తలు, కాళ్లు మొక్కడం భక్తులే అందిస్తున్నారు, అంటే మీ టిక్కుల్లో సగం ఆ గుంపు పెట్టించినవి. కెమెరా లేనప్పుడు వంటమనిషితో, డ్రైవర్‌తో, ఇరవై ఏళ్ల కింద అన్నదమ్ములతో ఎట్లున్నాడో తెలియకుండా ఏ డాక్టరూ తేల్చలేడు. "యాంటీసోషల్" (ఎదుటివాళ్ల హక్కుల్ని లెక్కచేయని స్వభావ రుగ్మత) అనాలంటే మరీ కష్టం. 15 ఏళ్ల లోపే కాండక్ట్ డిజార్డర్ (పిల్లల్లో కొట్టడం, దొంగతనం, అబద్ధాల్లాంటి తీరు) ఆనవాళ్లు ఉండాలి, బడి రోజుల సంగతి యూట్యూబ్‌లో దొరకదు.

2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లోనైతే నార్సిసిస్టిక్ అన్న విడి పేరే లేదు, తీవ్రత ఎంత, ఏ గుణాలు బలంగా ఉన్నాయన్నదే చూస్తారు.

నమ్మి చేస్తున్నాడా, తెలిసే మోసం చేస్తున్నాడా అన్నది ఇంకో చిక్కు. పీపుల్స్ టెంపుల్ అనే గుంపు నడిపిన అమెరికా మత గురువు జిమ్ జోన్స్ సభల్లో కోడి కార్జం ముక్కలు చూపించి రోగి ఒంట్లోంచి వచ్చిన క్యాన్సర్ గడ్డ అనేవారు. ముందే దాచిపెట్టి తెచ్చారంటే అది భ్రమ కాదు, మోసం. అదే మనిషి చివరి ఏళ్లలో శత్రువులు చుట్టుముట్టారని వణికాడు, మత్తుమందులూ వాడాడు. ఇందులో ఎంత స్వభావం, ఎంత మందు, ఎంత అధికారం తెచ్చిన మార్పు అన్నది ఇప్పటికీ ఎవరూ విడదీయలేరు.

ఫిర్యాదులో ఆ పేరు ఎందుకు వద్దంటే, పర్సనాలిటీ డిజార్డర్ నేరం కాదు. ఎస్సైకి పనికొచ్చేది జరిగిన పని. "స్వామికి జాలి లేదు" అని రాస్తే పక్కన పెడతారు. "ఫలానా తేదీ, పౌర్ణమి సత్సంగం. ఫోన్లన్నీ బుట్టలో వేయించుకున్నారు. ఇవ్వనన్న అమ్మాయితో మూడు రోజులు ఎవరూ మాట్లాడొద్దని స్వామి చెప్పాడు. విన్నవాళ్లు ఇద్దరు" అని రాస్తే అడగడానికి అతనికి ఏదో ఒకటి దొరుకుతుంది. బంగారానికి షాపు బిల్లు, తూకం, ఏ మాట చెప్పి తీసుకున్నారన్నది కావాలి. ఆ మాట అబద్ధమని చూపగలిగితేనే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 318 కింద మోసం నిలబడుతుంది. వీడియోలు వాట్సాప్‌లో వచ్చినవి కాదు, తీసిన ఫోన్‌లోని అసలు ఫైలే ఉంచండి. కోర్టుకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసేది) కూడా పెట్టాలి. మిస్సింగ్ కేసు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, చెల్లె మేజర్ కాబట్టి "నా ఇష్టంతోనే ఉన్న" అంటే ఆ ఫైలు అంతటితో మూసేస్తారు. లోపల చిన్నపిల్లలు ఉంటే ఆగకుండా చైల్డ్‌లైన్ 1098కి చెప్పండి.

చెల్లెతో "మీ గురువుకు మానసిక జబ్బు" అన్నారా, పని చెడింది. "మీవాళ్లు నన్ను పిచ్చోడంటరు, చూడుండ్రి" అని ఇలాంటివాళ్లు ముందే చెప్పి పెడతారు. మీరు ఆ మాట అనగానే ఆయన జోస్యం ఫలించినట్టు.

టిక్కులు పూర్తిగా వృథా కూడా కాదు. పొగరు, పగ ఎక్కువున్నవాడు నలుగురిలో ఎదిరిస్తే ఊరుకోడు, మనిషి చేజారుతోందంటే ఇంకా బిగిస్తాడు. దక్షిణ అమెరికాలోని గయానాలో జిమ్ జోన్స్ గుంపు ఉన్న చోటు నుంచి 1978 నవంబర్ 18న అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) సభ్యుడు లియో ర్యాన్ వెంట కొందరు బయటికి బయల్దేరిన రోజే ర్యాన్‌ను జోన్స్ మనుషులు చంపారు, ఆ రోజే ఆ గుంపులో 900 మందికి పైగా చనిపోయారు. మీ ఆశ్రమం అంత దూరం పోతుందని కాదు. బయటపడే రోజు మాత్రం ఎక్కడైనా ప్రమాదమే. చెల్లె వస్తానంటే సత్సంగంలో నిలదీయొద్దు, ఎవరికీ ముందే చెప్పొద్దు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు ఎవరి దగ్గరున్నాయో ముందు కనుక్కోండి.

అప్పటిదాకా ఫోన్ దొరికిన రెండు నిమిషాల్లో బంగారం ఊసు, స్వామి ఊసు ఎత్తకండి. "థైరాయిడ్ గోలీలు వేసుకుంటున్నవా?" లాంటిది అడగండి. మందులు మాన్పించారంటే ఆ తేదీ కూడా నోట్‌బుక్కులో రాసుకోండి.