‘డబుల్డ్ డై’ అని నమ్మి కొన్నాను, డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: అమెరికా 1969 ఎస్ ఒక సెంటు నాణేన్ని ‘డబుల్డ్ డై’ అన్న పేరుతో అమ్మకానికి పెడితే ఫొటో చూసి కొన్నాను. సంవత్సరం అంకెలూ, వాటి కింద ఉన్న ఎస్ అక్షరమూ రెండేసిగా కనిపిస్తున్నాయి. నాణేల గురించి తెలిసిన మిత్రుడు మాత్రం ఇది డబుల్డ్ డై కాదని, కొట్టేటప్పుడు డై కదలడం వల్ల వచ్చిన మచ్చ అని అంటున్నాడు. అమ్మిన వ్యక్తిని అడిగితే, “రెండుగా కనిపిస్తోందా లేదా? ఫొటో చూసే కొన్నారు. అమ్మిన వస్తువు వాపసు తీసుకోబోమని ముందే రాశాను” అన్నారు. చట్టం ఎవరి పక్షాన ఉంటుంది?

జవాబు: ఎస్ కూడా రెండుగా కనిపిస్తోందని మీరు రాశారు. అమ్మిన వ్యక్తి అది తనకు అనుకూలమైన విషయం అనుకుంటున్నట్లుంది. నిజానికి ఆయన వాదన కూలిపోయేది అక్కడే.

నాణెం మీద బొమ్మ వేసే ఉక్కు అచ్చును డై అంటారు. అప్పట్లో మూల అచ్చుతో ఆ డైని ఒకటికంటే ఎక్కువసార్లు నొక్కి బొమ్మ దించేవారు. రెండోసారి నొక్కినప్పుడు అది కాస్త పక్కకు తిరిగితే బొమ్మ డై మీదనే రెండుగా పడుతుంది. ఆ తర్వాత దానితో కొట్టిన ప్రతి నాణెమూ అదే జంట బొమ్మతో బయటికి వస్తుంది. డబుల్డ్ డై అంటే ఇదే. టంకశాల గుర్తు అయిన ఎస్‌ను మాత్రం ఈ పనంతా ముగిశాక చేతితో విడిగా కొట్టేవారు. అందుకే అసలైన 1969 ఎస్ డబుల్డ్ డైలో సంవత్సరం, ‘లిబర్టీ’ అన్న పదం, పైనున్న వాక్యం రెండుగా ఉంటాయి, ఎస్ ఒక్కటిగానే ఉంటుంది. మీ నాణెంలో సంవత్సరంతో పాటు ఎస్ కూడా ఒకే దిక్కుకు జరిగినట్లు ఉంటే, నాణెం కొట్టిన క్షణంలో వదులుగా ఉన్న డై జారి, అప్పుడే లేచిన అక్షరాల అంచులను అణిచివేసిందని అర్థం. భూతద్దంతో చూడండి. ఇలాంటి చోట రెండో గీత మెట్టులా చదునుగా ఉంటుంది, అసలు అక్షరం సన్నబడుతుంది. డబుల్డ్ డైలో రెండో బొమ్మ కూడా గుండ్రంగా పైకి లేచి ఉంటుంది, అక్షరం లావుగా, మూలల్లో చీలినట్లు కనిపిస్తుంది.

అరిగిపోయిన డై వల్ల కూడా అక్షరాలు వాచినట్లు, నీడ పడినట్లు కనిపిస్తాయి. 1955 సెంటులో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఆ ఏటి డబుల్డ్ డై భూతద్దం లేకుండానే కనిపించేంత స్పష్టమైనది, ప్రపంచమంతటా పేరున్నది. అదే ఏటి మరికొన్ని నాణేల్లో డై అరిగి చివరి 5 అంకె మాత్రమే జంటగా కనిపిస్తుంది. వాటిని ‘పేదవాని డబుల్డ్ డై’ అన్న పేరుతో అమ్మారు. విలువలో ఈ రెంటికీ పోలికే లేదు. అమ్మకపు మాటల్లో ఒక్క విశేషణం ఎంత తేడా తెస్తుందో చూడండి.

మీ వివాదం కూడా అమ్మకపు మాటల మీదనే తేలుతుంది. వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలన్నది 1893 నాటి ఇంగ్లండు వస్తు విక్రయ చట్టంలో ఉండేది, 1930 నాటి భారత చట్టం 15వ సెక్షన్‌లోనూ ఉంది. ‘డబుల్డ్ డై’ అన్నది సేకర్తల లోకంలో స్థిరమైన అర్థమున్న పేరు. కంటికి రెండుగా కనిపించే ప్రతిదానికీ అది వర్తించదు. ఫొటో గీతలను చూపిస్తుంది కానీ అవి ఎలా వచ్చాయో చెప్పదు. మీరు నమ్మింది ఆ పేరును. ‘వాపసు లేదు’ అన్న షరతు సాధారణంగా మనసు మార్చుకున్న కొనుగోలుదారుకు వర్తిస్తుంది. చెప్పిన వస్తువుకు బదులు మరొకటి ఇచ్చిన వ్యక్తిని కాపాడడానికి అది చాలదు.

అయితే ప్రకటనలో ‘డబుల్డ్ డై కావచ్చు’ అనో, ‘అంకెలు రెండుగా కనిపిస్తున్నాయి’ అనో మాత్రమే ఉంటే మీ కేసు బలహీనపడుతుంది. మొదటిది అభిప్రాయం, రెండోది నిజం. కాబట్టి ప్రకటనను ఇప్పుడే, అది మాయం కాకముందే, తేదీతో సహా భద్రపరచండి. మీ మధ్య నడిచిన సందేశాలను కూడా దాచండి.

అమ్మిన వ్యక్తికి రాసేటప్పుడు మోసం చేశారని మాత్రం అనవద్దు. ఈ 1969 ఎస్ డబుల్డ్ డై మొదట బయటపడినప్పుడు అమెరికా ప్రభుత్వ అధికారులే నకిలీవి అనుకొని కొన్ని అసలు నాణేలను స్వాధీనం చేసుకున్నారు. అమ్మిన వ్యక్తి కూడా నిజాయతీగా పొరబడి ఉండవచ్చు. డబ్బు తిరిగి రావడానికి ఆయన దురుద్దేశాన్ని మీరు రుజువు చేయనక్కరలేదు, వర్ణన సరిపోలేదని చూపితే చాలు.

మిత్రుని మాట సాక్ష్యంగా నిలవదు. స్వతంత్ర నాణేల ధ్రువీకరణ సంస్థ నుంచి రాతపూర్వక నివేదిక తీసుకోండి. నాణేన్ని శుభ్రం చేయవద్దు, అది వచ్చిన కవరు నుంచి తీసి చేతులు మార్చవద్దు. డబ్బు తిరిగి రాలేదన్న కోపంతో దాన్ని అదే పేరుతో ఇంకొకరికి అమ్మితే మీరు తెలిసి చేసినవారవుతారు, అప్పుడు మోసం అన్న మాట మీకు వర్తిస్తుంది.

నివేదిక కోసం ఆగకుండా ఈ వారమే ఆయనకు రాతపూర్వకంగా తెలియజేయండి: ఇది వర్ణనకు సరిపోవడం లేదు, తిరస్కరిస్తున్నాను, నాణెం పంపడానికి సిద్ధంగా ఉన్నాను, డబ్బు తిరిగి ఇవ్వండి అని. ఆలస్యం చేస్తే మీరు వస్తువును అంగీకరించినట్లే అన్న వాదనకు చోటిచ్చినట్లవుతుంది.