అమెరికాలో జడ్జిని జనం ఓటేసి ఇంటికి పంపగలరా?

చాలా రాష్ట్రాల్లో పంపగలరు. దీనికి కాలిఫోర్నియా రాష్ట్ర చీఫ్ జస్టిస్‌గా పనిచేసిన రోజ్ బర్డ్ కథే మంచి ఉదాహరణ.

1936లో అరిజోనాలో పుట్టిన ఈవిడ బర్క్‌లీలో లా చదివారు. శాంటా క్లారా కౌంటీలో పేద ముద్దాయిల తరఫున వాదించే ప్రభుత్వ లాయర్‌గా పనిచేశారు. తర్వాత కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్ కేబినెట్‌లో చేరి, 1975 నాటి వ్యవసాయ కార్మికుల చట్టం తేవడంలో ముఖ్యపాత్ర పోషించారు. 1977లో బ్రౌన్ ఆమెను ఏకంగా కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్‌ని చేశారు. అంతకుముందు ఆమె ఒక్కరోజు కూడా జడ్జిగా కూర్చోలేదు! ఆ పదవిలో తొలి మహిళ కూడా ఆమే.

అయితే అక్కడ గవర్నర్ నియమిస్తే సరిపోదు. తర్వాత బ్యాలెట్‌లో 'ఈ జడ్జి కొనసాగాలా, వద్దా' అని ఓటర్లను అడుగుతారు. ఎదురు అభ్యర్థి ఉండరు. 1978లో ఆమె స్వల్ప తేడాతో గట్టెక్కారు. 1986లో మాత్రం మరణశిక్షలే పెద్ద గొడవయ్యాయి. తన ముందుకొచ్చిన అరవైకి పైగా మరణశిక్ష కేసుల్లో ప్రతిసారీ ఆమె శిక్ష రద్దుకే ఓటేశారు. దాంతో మూడింట రెండు వంతుల మంది 'వద్దు' అన్నారు. సహ జడ్జిలు క్రూజ్ రెనోసో, జోసెఫ్ గ్రోడిన్ కూడా ఓడిపోయారు. తీర్పులు నచ్చకపోతే అప్పీలుకు వెళ్లాలి గానీ, ఇలా ఓట్లకు పెట్టడం నాకైతే సబబుగా అనిపించదు.

తర్వాత ఆమె పేదల న్యాయ సహాయ కేంద్రానికి వాలంటీర్‌గా వెళ్లారు. తానెవరో చెప్పుకోలేదు. వాళ్లు ఆమెను జిరాక్స్ మెషిన్ దగ్గర పెడితే, ఆ పనే చేశారు. 1999లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు.