ఒపేరాలకు నృత్యాలు కూర్చే పని: మా అమ్మాయికి దారి ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ పూర్తి చేసింది. ఎనిమిదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. యూట్యూబ్‌లో ‘ఐదా’ ఒపేరా చూసినప్పటి నుంచి, అలాంటివాటిలో బ్యాలే నృత్యాలు కూర్చే కొరియోగ్రాఫర్‌ని అవుతానంటోంది. దానికి కోర్సు ఉందా? బతుకుతెరువు ఉంటుందా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అమ్మాయిది గాలిమేడ కాదు. అలాగని పట్టా చూపించి చేరే ఉద్యోగమూ కాదు. ఏళ్ల తరబడి నాట్యంలో పనిచేశాక చేతికందే పని ఇది.

ఒపేరాలో కథ పాటగానే నడుస్తుంది, మన పద్యనాటకం కన్నా ఎక్కువగా. మధ్యలో నృత్యం ఎందుకు వచ్చిందో ప్రేక్షకుడికి తెలిసేలా చేయడమే కొరియోగ్రాఫర్ అసలు పని. 1861లో పారిస్ ఒపేరా సంస్థలో జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపేరా ‘టాన్‌హాయిజర్’ వేశారు. అక్కడి ఆనవాయితీ ప్రకారం బ్యాలే రెండో అంకంలో రావాలి. వాగ్నర్ కథకు తగ్గట్టు దాన్ని మొదటి అంకంలో, వీనస్ దేవత కొలువులో పెట్టాడు. భోంచేసి తీరిగ్గా రెండో అంకానికి వచ్చే జాకీ క్లబ్ (అక్కడి ధనికుల క్లబ్) పెద్దమనుషులు, బ్యాలే అప్పటికే అయిపోవడంతో ఈలలు వేసి గోల చేశారు. మూడు ప్రదర్శనలతో ఆట ఆగిపోయింది. నా దృష్టిలో వాగ్నర్ చేసిందే సరైన పని.

మీ అమ్మాయి చూసిన ‘ఐదా’నే తీసుకోండి. రెండో అంకం విజయోత్సవంలో గాయక బృందం, సైనికులు, బందీలు వేదిక నిండా ఉంటారు. వాళ్లు పోగా మిగిలిన జాగాలోనే నర్తకులు తిరగాలి. మన నట్టువాంగంలో గురువు నర్తకి పాదం చూసి కాలం కాస్త పట్టి ఉంచగలడు. అక్కడ కండక్టర్ చేతికర్రే తాళం. పైగా రిహార్సల్ చాలావరకు పియానో మీదే నడుస్తుంది, ఆర్కెస్ట్రా చివర్లో వస్తుంది. అందుకే స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడం వచ్చి తీరాలి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. క్లాసికల్ బ్యాలే నర్తకి కావాలంటే ఎనిమిది, పదేళ్ల వయసులోనే మొదలుపెట్టాలి. ఇప్పుడు ఆ వేలి మొనల నాట్యం కోసం లక్షలు పోయకండి. కానీ ఒపేరా నృత్యం అంటే ఇవాళ బ్యాలే ఒక్కటే కాదు. రవిశంకర్ సంగీతం సమకూర్చిన ‘సుకన్య’ ఒపేరాను 2017లో ఇంగ్లండ్‌లో ప్రదర్శించారు. అది మన భారతంలోని సుకన్యా చ్యవనుల కథే. నృత్యాలు కూర్చిన ఆకాష్ ఒడేద్రా కథక్, భరతనాట్యం నేర్చినవాడు. 2019లో పారిస్ ఒపేరా 18వ శతాబ్దపు ఫ్రెంచ్ స్వరకర్త రామో రాసిన ఒపేరాకు నృత్యాలు కూర్చమని హిప్‌హాప్ నుంచి వచ్చిన బింతు దెంబెలెను పిలిచింది. మీ అమ్మాయి కూచిపూడి వృథా కాదనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

డిగ్రీ తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాట్యంలో ఎంపీఏ (ప్రదర్శన కళల పీజీ) ఉంది. స్తోమత ఉంటే, లండన్‌లోని ట్రినిటీ లాబాన్‌లో సంగీతం, నాట్యం రెండూ ఒకే సంస్థలో ఉన్నాయి. సీటు ఆడిషన్ మీదే వస్తుంది. ఈలోగా జూనియర్లను ఆరుగురిని పెట్టుకుని చిన్న చిన్న నృత్యాలు కూర్చమనండి. బ్యాలే పరిభాష తెలియడానికి కొన్నాళ్లు క్లాసుకు వెళ్తే చాలు.

సంపాదన సంగతి: నెల జీతాల ఉద్యోగాలు చాలా తక్కువ. ఒక్కో ప్రొడక్షన్‌కు ఒక్కో ఒప్పందం. మొదట్లో సహాయకురాలిగా చేస్తూ, పాఠాలు చెబుతూ నెట్టుకురావాలి. దానికి మీరు ముందే సిద్ధపడండి.

ఈ సెలవుల్లో ‘ఐదా’లోని ఆ విజయోత్సవ ఘట్టాన్ని మూడు వేర్వేరు ప్రదర్శనల్లో చూడమనండి. నృత్యం తీసేస్తే కథలో ఏం తగ్గిపోతుందో ఒక్కో దానికి ఒక్కో పేజీ రాయమనండి. ఇష్టంగా రాస్తే, వెంటనే పియానో క్లాసులో చేర్పించండి.